థైరాయిడ్ గోలీ మొదలుపెట్టి మూడు వారాలైంది, నీరసం తగ్గలేదు: నేను వేసుకునే తీరులో తప్పుందా?

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, 37 ఏళ్లు, నల్లగొండ)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటూ మునుగోడు వైపు ఒక ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. మూడు వారాల కిందట చేయించిన రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పని చేయించే హార్మోన్) 38.6, అంటే బాగా ఎక్కువగా, ఫ్రీ టీ4 (ఆ గ్రంథి తయారు చేసే హార్మోన్) 0.52, అంటే తక్కువగా వచ్చాయి. యాంటీ టీపీఓ (థైరాయిడ్ గ్రంథికి వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు) కూడా ఎక్కువగా ఉంది. హైపోథైరాయిడిజం (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారవడం) అని చెప్పి డాక్టరు గారు రోజూ పొద్దున పరగడుపున 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ గోలీ వేసుకోమని రాశారు. ఆ రోజు ఓపీలో జనం కిక్కిరిసి ఉండటంతో రెండు నిమిషాల్లోనే బయటికి వచ్చేశాను, అడగాలనుకున్నవి అడగలేకపోయాను.

సంక్రాంతి నుంచే నాకు ఒంట్లో ఏదో తేడాగా ఉంది. మే నెలలో ఇంటిల్లిపాదీ కూలర్ ముందు పడుకుంటే నేను పక్క గదిలో చెద్దరు కప్పుకుని పడుకున్నాను. పెళ్లినాటి ఉంగరం సబ్బు నురగ రాసినా వేలి కణుపు దాటి రావడం లేదు. ఏడాది కిందట 61 కిలోలున్న దాన్ని ఇప్పుడు 68 ఉన్నాను. బడి తెరిచిన వారంలో హాజరు పిలుస్తుంటే రెండో తరగతి పాప లేచి, "టీచర్, మీకు సర్ది అయిందా, గొంతు మారింది" అని అడిగింది. మూడేళ్లుగా నా దగ్గరే చదువుతున్న పిల్లల పేర్లు కొన్ని ఆ రోజు నాకు వెంటనే నోటికి రాలేదు. అన్నింటికంటే అదే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

నేను మందులు వేసుకునే తీరు ఇది. ఐదున్నరకు లేచి గ్యాస్ గోలీ, థైరాయిడ్ గోలీ రెండూ కలిపి నీళ్లతో వేసుకుంటాను. పది నిమిషాల్లో చాయ తాగుతాను. బస్సు అందుకోవాలి కాబట్టి ఆరున్నరకల్లా టిఫిన్ ముగించి, మోకాళ్ల నొప్పులకు రాసిన కాల్షియం, రక్తం తక్కువగా ఉందని రాసిన ఐరన్ (హిమోగ్లోబిన్ 9.4), వెంట్రుకలు రాలకుండా మెడికల్ షాపులో ఇచ్చిన బయోటిన్ ఒకేసారి వేసుకుంటాను. విడదీస్తే బడిలో మరిచిపోతానని భయం.

ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి, ఇప్పుడే మానెయ్యమని మా అత్తమ్మ అంటున్నారు. బంధువు ఒకరు నలభై రోజుల కషాయంతో పూర్తిగా పోతుందని చెబుతున్నారు. చిన్నప్పుడు మా ఊళ్లో బోరు నీళ్లే తాగాం కాబట్టి ఇది ఫ్లోరైడ్ వల్ల వచ్చిందేమోనని కూడా నాకు అనుమానంగా ఉంది. నీరసం ఎప్పటికి తగ్గుతుంది? ఏం తినకూడదు? పన్నెండేళ్ల మా పాపకు కూడా పరీక్ష చేయించాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (గృహిణి, మహబూబ్‌నగర్, 11 ఏళ్లుగా థైరాక్సిన్ వాడుతున్నారు)

చెల్లె, ఎండాకాలంలో చెద్దరు కప్పుకున్న మాట చదవగానే నన్ను నేను చూసుకున్నట్టు అనిపించింది. మా ఇంట్లోవాళ్లు ఏడాది పాటు నాది బద్ధకమే అనుకున్నారు. అది బద్ధకం కాదని రక్త పరీక్ష చెప్పిన రోజు నేను ఏడ్చాను, సగం బాధతో, సగం ఊరటతో. పేర్లు గుర్తురాకపోవడం గురించి భయపడకు. నాకు కూరలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తుండేది కాదు. మందు ఒంటికి పట్టిన తర్వాత అది తిరిగి సర్దుకుంది.

గోలీ సీసా నా దిండు పక్కనే ఉంటుంది, దానితో పాటు ఒక గ్లాసు నీళ్లు కూడా. ఐదింటికి అలారం మోగగానే గోలీ వేసుకుని మళ్లీ ఒక కునుకు తీస్తాను, ఆరు దాటాకే చాయ. చాయ కోసం గంట ఆగడం మొదట్లో శిక్షలా ఉండేది, రెండు వారాల్లో అలవాటైంది. నాకు వంద గోలీల సీసా ఇస్తారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ సీసాను పొయ్యి గట్టు మీద గానీ, కిటికీలో గానీ, ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో గానీ ఉంచకు. వేడికి, తేమకు, వెలుతురుకు ఈ మందు బలం తగ్గుతుంది. నేను బీరువా కింది అరలో పెడతాను, నెలకు సరిపడా గోలీలు మాత్రమే వేరే చిన్న సీసాలో బయట ఉంచుకుంటాను.

నేను చేసిన తప్పు చెబుతాను, నువ్వు చేయకు. 2018లో నా టీఎస్‌హెచ్ 2.9 వచ్చింది. కాగితం మీద నార్మల్ అని ఉంటే నయమైపోయిందనుకుని, ఎవరికీ చెప్పకుండా గోలీ మానేశాను. మొదటి నెల ఏమీ కాలేదు, అందుకే నేను చేసింది సరైనదే అనుకున్నాను. నాలుగో నెలలో తడి బట్టల బకెట్ తీసుకుని మేడ ఎక్కుతూ రెండుసార్లు మెట్ల మీదే కూర్చుండిపోయాను. ముఖం ఉబ్బింది, కాళ్లు వాచాయి. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 70 దాటింది. ఆ నార్మల్ అనే మాట గోలీ వల్ల వచ్చిందని అప్పుడు అర్థమైంది.

తిండి విషయంలో నేను జొన్న రొట్టె మానలేదు, తైద అంబలి మానలేదు, క్యాబేజీ, గోబీ పువ్వు ఉడికించి తింటాను. ఉప్పు మాత్రం మార్చుకున్నాను. కొంతకాలం మంచిదని దొడ్డు ఉప్పు, సైంధవ లవణం వాడాం, ఇప్పుడు మళ్లీ అయోడిన్ కలిపిన ఉప్పుకే వచ్చాం. వెంట్రుకల గురించి ఓపిక పట్టు. నాకు ఐదో నెలలో నుదుటి మీద కొత్తగా సన్న వెంట్రుకలు మొలిచాయి.

జవాబు 2 (జనరల్ ఫిజీషియన్, మహబూబ్‌నగర్)

టీచర్ గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు మీరు రాసిన పొద్దుటి వరుసలోనే ఉంది. 50 మైక్రోగ్రాముల గోలీ మీరు మింగుతున్న మాట నిజమే గానీ అందులో ఎంత భాగం మీ రక్తంలోకి చేరుతోందో అనుమానమే. థైరాక్సిన్ చిన్న పేగుల్లో పీల్చుకోబడుతుంది. ఖాళీ కడుపున నీళ్లతో వేసుకుంటే 70 నుంచి 80 శాతం దాకా ఒంటికి అందుతుంది. గోలీ సరిగ్గా కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, గ్యాస్ గోలీ ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. కాల్షియం, ఐరన్ అయితే పేగులోనే థైరాక్సిన్‌ను పట్టుకుని రక్తంలోకి పోనివ్వకుండా చేస్తాయి. కాఫీ, పాలు కలిపిన చాయ వెంటనే తాగితే పీల్చుకోవడం ఇంకా తగ్గుతుంది.

అందుకని రేపటి నుంచి ఇలా మార్చి చూడండి. లేవగానే థైరాయిడ్ గోలీ ఒక్కటే నీళ్లతో వేసుకోండి. చాయకు, టిఫిన్‌కు కనీసం అరగంట, వీలైతే గంట వ్యవధి ఇవ్వండి. కాల్షియం, ఐరన్ రెండింటికీ థైరాక్సిన్‌తో నాలుగు గంటల దూరం ఉండాలి, అవి రెండూ కలిపి వేసుకున్నా ఐరన్ ఒంటికి పట్టకుండా కాల్షియం అడ్డుపడుతుంది. కాబట్టి కాల్షియం బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత, ఐరన్ రాత్రికి పెట్టుకోండి. ఐరన్‌ను మాత్రం మానవద్దు. థైరాయిడ్ తగ్గినప్పుడు ఆడవారికి నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడం, దానివల్ల ఐరన్ తగ్గడం మేము తరచూ చూస్తుంటాం, మీ 9.4 వెనుక అది కూడా ఉండవచ్చు. గ్యాస్ గోలీ నిజంగా అవసరమా, ఎవరైనా రాశారా లేక అలవాటుగా వేసుకుంటున్నారా అన్నది మీ డాక్టరును అడగండి. అవసరమని చెప్పి కొనసాగిస్తే థైరాక్సిన్ మోతాదును దానికి తగ్గట్టు చూసుకుంటారు. బయోటిన్ ఇంకో రకమైన చిక్కు తెస్తుంది. అది మందును అడ్డుకోదు గానీ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది, కాబట్టి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే ఆపండి.

ఇక మూడు వారాలకే తగ్గలేదన్న దిగులు గురించి. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చేది కాదు. మెడలోని గ్రంథి సరిగ్గా పని చేయనప్పుడు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గట్టిగా పెట్టే కేకలాంటిది. హార్మోన్ అందిన కొద్దీ ఆ కేక నెమ్మదిస్తుంది. ఒంట్లో చేరిన థైరాక్సిన్ సగానికి తగ్గడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. అందుకే ఒక మోతాదు రక్తంలో స్థిరపడటానికి ఐదారు వారాలు కావాలి, మేము ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ మళ్లీ పరీక్ష చేయించకపోవడానికి కారణం అదే. మీ వరుస ఇప్పుడు మారుతోంది కాబట్టి ఆ లెక్క ఈ రోజు నుంచే మొదలుపెట్టుకోండి. గ్రంథి పూర్తిగా పని చేయని పెద్దవారికి శరీర బరువులో ఒక్కో కిలోకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అవసరమవుతుంది. 68 కిలోలకు అది 110 దగ్గర తేలుతుంది. మీ గ్రంథి ఇంకా కొంత పని చేస్తుండవచ్చు కాబట్టి అంత అవసరం రాకపోవచ్చు, అయినా 50 మొదటి మెట్టే అనుకోండి. మోతాదు మీ అంతట మీరు పెంచుకోకండి.

మార్పు అన్నింటిలో ఒకేసారి రాదు. నీరసం, మలబద్ధకం, చలి రెండు మూడు వారాల నుంచి తగ్గడం మొదలవుతుంది. చర్మం, గొంతు, మతిమరుపు ఇంకొంచెం ఆలస్యంగా, వెంట్రుకలు నెలల మీద సర్దుకుంటాయి. బరువు విషయంలో ముందే నిజం చెప్పడం మంచిది. థైరాయిడ్ వల్ల పెరిగే బరువులో ఎక్కువ భాగం ఉప్పు, నీరు ఒంట్లో నిలవడమే. మందుతో రెండు నుంచి ఐదు కిలోలు తగ్గవచ్చు, మిగిలింది నడక, తిండి చూసుకోవాలి. త్వరగా తగ్గాలని మోతాదు ఎక్కువ వేసుకునేవారు ఉన్నారు, వారికి గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. అదే పద్ధతి ఏళ్ల తరబడి సాగితే ఎముకలు పలుచబడతాయి, గుండె లయ తప్పుతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, మనిషి మత్తుగా అయిపోయి ఒళ్లు చల్లబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీ అత్తమ్మ గారి భయం నాకు అర్థమవుతుంది. ఈ గోలీలో ఉన్నది మీ గ్రంథి తయారు చేయాల్సిన హార్మోనే అని ఆమెకు చెప్పండి. 1914లో కెండాల్ అనే శాస్త్రవేత్త దానిని గ్రంథి నుంచి వేరు చేశారు, 1927 నాటికి ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. మీకు యాంటీ టీపీఓ ఎక్కువగా ఉందంటే కారణం దాదాపు ఖాయంగా హాషిమోటో వ్యాధి. ఒంటిలోని రక్షణ వ్యవస్థే గ్రంథిని పొరపాటున దెబ్బతీయడం దాని స్వభావం, 1912లో జపాన్ వైద్యుడు హాషిమోటో దానిని మొదట వర్ణించారు. దెబ్బతిన్న గ్రంథి కషాయంతో తిరిగి మామూలు కాదు. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు వంటివి కొందరిలో వాటంతటవే తగ్గుతాయి, టీఎస్‌హెచ్ కొద్దిగా మాత్రమే పెరిగి టీ4 మామూలుగా ఉన్నవారికి మళ్లీ పరీక్ష చేశాకే మందు గురించి ఆలోచిస్తాం. 38.6 టీఎస్‌హెచ్‌తో పాటు టీ4 కూడా తగ్గిన మీ విషయం వేరు. ఏదైనా చూర్ణం, అశ్వగంధ వంటివి ఇప్పటికే వాడుతుంటే దాచకుండా మీ డాక్టరుకు చెప్పండి, కొన్ని థైరాయిడ్ లెక్కలను మారుస్తాయి.

ఫ్లోరైడ్ సంగతి మన ప్రాంతంలో తేలికగా కొట్టిపారేయలేని ప్రశ్న. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరు రావాల్సి వచ్చిందంటే ఈ జిల్లా ఎంత బాధపడిందో తెలుస్తుంది. ఫ్లోరైడ్‌కు, థైరాయిడ్‌కు సంబంధం మీద జరిగిన అధ్యయనాల్లో ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. మీకు మాత్రం యాంటీబాడీల రూపంలో వేరే కారణం కళ్లెదుట ఉంది. మందు కూడా ఏ కారణానికైనా ఒకటే. మోకాళ్ల నొప్పులు థైరాయిడ్ తగ్గడం వల్ల, విటమిన్ డి లోపం వల్ల, ఫ్లోరోసిస్ (ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినడం) వల్ల కూడా రావచ్చు. చిన్నతనమంతా ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగారు కాబట్టి నొప్పులు తగ్గకపోతే ఎముకల డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి. ఇంట్లో ఇప్పుడు బోరు నీళ్లే వాడుతుంటే పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

మీ పాప ఎత్తు సరిగ్గా పెరుగుతూ, చదువులో చురుగ్గా, మెడ వాపు లేకుండా ఉంటే వెంటనే పరీక్ష అక్కర్లేదు. ఎదుగుదల ఆగినా, మెడ ముందు ఉబ్బు కనిపించినా చేయించండి.

జవాబు 3 (వనపర్తి, తల్లి కోసం మందు తెచ్చే కుమారుడు)

మేడం, డాక్టరు గారు చెప్పిన కిలో లెక్క చదివి ఇంట్లో పెద్దవారికి ఎవరూ అలా వేయవద్దని ఒక మాట రాస్తున్నాను. మా అమ్మకు 71 ఏళ్లు, గుండెకు స్టెంట్ వేశారు. ఆమెకు 12.5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, ఆరేసి వారాలకు ఒకసారి పరీక్ష చేస్తూ, ఎనిమిది నెలలకు 50కి తెచ్చారు. అంత నెమ్మదిగా ఎందుకని మొదట్లో నేను విసుక్కున్నాను. అన్నాళ్లూ తక్కువ వేగంతో నడిచిన గుండెను ఒక్కసారిగా తొందరపెడితే నొప్పి వచ్చే ప్రమాదం ఉందని చెప్పాక ఊరుకున్నాను. ఒకే కంపెనీ మందు కొనసాగించమని కూడా చెప్పారు. ఒకసారి షాపులో దొరకక వేరే కంపెనీది తెస్తే ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించారు.

జవాబు 4 (ఏఎన్ఎం, అచ్చంపేట ప్రాంతం)

మేడం, మీ ఇంట్లో ఆడబిడ్డ గానీ యారాలు గానీ థైరాయిడ్ మందు వాడుతూ పిల్లల కోసం చూస్తుంటే ఈ మాట వారికి చేరవేయండి. మొదటి మూడు నెలలు కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. అందుకే గర్భం నిలిచిందని తెలిసిన రోజే, మొదటి ఏఎన్‌సీ (గర్భిణులకు చేసే పరీక్ష) దాకా ఆగకుండా, మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేయాలి. చాలామందికి మోతాదు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది. వారానికి ఏడు గోలీలకు బదులు తొమ్మిది వేసుకోమని డాక్టర్లు చెప్పడం అందుకే. సగం నెలలు నిండే దాకా నాలుగు వారాలకు ఒకసారి టీఎస్‌హెచ్ చూస్తారు.

మేము గర్భిణులకు ఐరన్, కాల్షియం గోలీలు ఇస్తాం కదా, వాటిని పొద్దున థైరాయిడ్ గోలీతో కలిపి వేసుకుంటున్నవారు నాకు ప్రతి నెలా కనిపిస్తారు. ఈ మధ్య నేను గోలీల కవరు మీద పొద్దు, మధ్యాహ్నం, రాత్రి అని పెన్నుతో రాసి ఇస్తున్నాను. చదువురాని వారికి సూర్యుడు, పళ్లెం, చంద్రుడు బొమ్మలు గీస్తాను.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఇన్నాళ్లూ అన్ని గోలీలూ పొద్దున్నే మింగి, జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను. డాక్టరు గారూ, రెండు చిన్న సందేహాలు. శ్రావణంలో శనివారాలు నేను ఒక్కపొద్దు ఉంటాను, ఆ రోజు గోలీ వేసుకోవచ్చా? బస్సు తొందరలో ఎప్పుడైనా మరిచిపోతే ఏం చేయాలి?

జవాబు 2 ఇచ్చిన డాక్టరు

ఒక్కపొద్దు రోజున తప్పక వేసుకోండి, ఖాళీ కడుపు ఈ మందుకు మేలే చేస్తుంది. మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు, భోజనానికి కాస్త ఎడం ఉన్న సమయం చూసి వేసుకోండి. పొద్దుటి వరుస ఎంతకీ కుదరకపోతే రాత్రికి మార్చుకోవచ్చు, అయితే చివరి ముద్ద తిన్న తర్వాత మూడు గంటలు దాటాలి, అప్పుడు ఐరన్‌ను ఇంకో పూటకు జరపాలి. మీ డాక్టరుతో మాట్లాడాకే మార్చండి.

ప్రశ్న అడిగినవారు (ఎనిమిది వారాల తర్వాత)

చెప్పినవన్నీ పాటించాను. గ్యాస్ గోలీ అవసరం లేదని మా డాక్టరు గారు ఆపించారు. కాల్షియం బడి బీరువాలో పెట్టాను, మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే ఐదో తరగతి పాప ఒకతి నాకు గుర్తు చేస్తుంది. మొన్న పరీక్షలో టీఎస్‌హెచ్ 9.8 వచ్చింది, హిమోగ్లోబిన్ 10.6కు చేరింది. మోతాదు 75కు పెంచారు. మలబద్ధకం పోయింది, మధ్యాహ్నం కుర్చీలో కళ్లు మూతలు పడటం తగ్గింది. బరువు రెండు కిలోలే తగ్గింది, వెంట్రుకలు ఇంకా రాలుతున్నాయి. అక్కా, మీరు ఐదు నెలలన్నారు కాబట్టి ఎదురుచూస్తున్నాను.

రెండు పరీక్షల కాగితాలూ పక్కపక్కన పెట్టి 38.6, 9.8 అంకెలు మా అత్తమ్మకు చూపించాను. ఇప్పుడు ఐదింటికి ఆమే లేచి నీళ్ల గ్లాసు నా పక్కన పెడుతున్నారు. ఉంగరం నిన్న సబ్బు లేకుండానే వచ్చింది. మళ్లీ పరీక్ష దసరా సెలవుల్లో ఉంది, ఆ పొద్దున రక్తం ఇచ్చాకే గోలీ వేసుకుంటాను.